గ్యాప్ వచ్చిందని గాబరా ఎందుకు? చెంచయ్య గారిని చూడండి

డిగ్రీ చేతికొచ్చి ఏడాది దాటిందంటే చాలు, మనలో చాలామందికి ఒకటే భయం. 'ఈ ఏడాదంతా ఏం చేశావు?' అని ఇంటర్వ్యూలో అడిగితే ఏం చెప్పాలి? అర్ధవీడు, కంభం, గిద్దలూరు వైపు ఊళ్లలో అయితే ఇంటర్వ్యూ దాకా కూడా పోనక్కర్లేదు. బస్టాండులో, టీకొట్టు దగ్గర, పెళ్లిలో... 'ఇంకా ఏమీ రాలేదా నాయనా?' అని ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు. ఈ ప్రశ్నతో నలిగిపోతున్న వాళ్లంతా ఒక పెద్దాయన జీవితం తెలుసుకోవాలి. ఆయన ఎక్కడివారో కాదు, మన పక్కనున్న కనిగిరి బిడ్డ. పేరు దరిశి చెంచయ్య.

1890లో పుట్టారు. అప్పటికి కనిగిరి నెల్లూరు జిల్లాలో ఉండేది. 1912లో ఉన్నత చదువుల కోసం అమెరికా వెళ్లారు. ఇప్పుడంటే వీసా స్లాట్ దొరకలేదని బాధపడుతున్నాం గానీ, ఆ రోజుల్లో ఈ ప్రాంతం నుంచి ఓడెక్కి కాలిఫోర్నియా చేరడమంటే ఊహకు కూడా అందని సంగతి. బర్కిలీలో చదువుతుండగా గదర్ పార్టీ పరిచయమైంది. అమెరికా పశ్చిమ తీరంలోని భారతీయులు, ఎక్కువగా పంజాబీ కూలీలు, రైతులు, కొందరు విద్యార్థులు కలిసి 1913లో పెట్టుకున్న విప్లవ సంస్థ అది. ఆయుధాలతోనైనా సరే బ్రిటిష్ పాలనను కూల్చాలన్నది వాళ్ల లక్ష్యం. మన తెలుగు కుర్రాడు అందులో చేరిపోయారు.

అదే కాలంలో బర్కిలీకి వచ్చిన మరో గదర్ విద్యార్థి కర్తార్ సింగ్ సరాభాను 1915 నవంబరు 16న లాహోర్‌లో ఉరి తీశారు. అప్పటికి అతని వయసు 19 ఏళ్లు. చెంచయ్య గారు ఉరికంబం దాకా వెళ్లలేదు గానీ, బ్రిటిష్ ప్రభుత్వం ఆయన్ని పట్టుకుని జైల్లో పెట్టింది. మొదటి ప్రపంచ యుద్ధం ముగిశాకే విడుదలయ్యారు. ఇరవైల్లో ఉన్న చదువుకున్న యువకుడికి ఏళ్లకేళ్లు జైల్లోనే గడిచిపోయాయి. ఇవాళ్టి హెచ్ఆర్ భాషలో చెప్పాలంటే పెద్ద 'కెరీర్ గ్యాప్'.

నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది మాత్రం ఆ తర్వాతి కథ. బయటికొచ్చాక ఆయన చేసిన పనికి తుపాకీతో సంబంధం లేదు. మద్రాసులో ఉంటూ వితంతు వివాహాల కోసం పనిచేశారు. కులం పట్టింపులను ఎదిరించారు. యామినీ పూర్ణతిలకం గారు నడిపిన యువతీ శరణాలయానికి అండగా నిలిచారు. వేశ్యావృత్తిలోకి నెట్టేసిన ఆడపిల్లలను ఆదుకున్న చోటు అది. ఇలాంటి పనికి చప్పట్లు పడవు, పైగా చుట్టాలు మొహం తిప్పుకుంటారు. అయినా ఆయన ఆగలేదు. తన అనుభవాలన్నీ 'నేనూ నా దేశం' పేరుతో ఆత్మకథగా రాసిపెట్టి, 1964లో కన్నుమూశారు.

'అమెరికా వెళ్లగలిగినాయన కాబట్టి సేవ చేశాడు. మాకు ఎడ్యుకేషన్ లోన్ ఈఎంఐ ఉంది' అంటారా? న్యాయమైన మాటే. ఇంటి అవసరాలు పక్కన పెట్టి ఉద్యమాల్లోకి దూకమని ఎవరూ చెప్పరు, నేనూ చెప్పను. నేననేది ఒక్కటే. 'ముందు సెటిలవుదాం, తర్వాత ఊరికి ఏదైనా చేద్దాం' అనుకుంటే ఆ 'తర్వాత' ఎప్పటికీ రాదు. చెంచయ్య గారు సెటిలయ్యే దాకా ఆగలేదు. చేతిలో ఏముంటే దానితోనే మొదలుపెట్టారు.

మన చేతిలో ఏముంది? ఫోను, ఇంటర్నెట్టు, ఇంజినీరింగ్ చదువు. మన పక్క ఊళ్లలో సైన్యం నుంచి రిటైరై వచ్చిన 'మిలిటరీ తాతలు' చాలామంది ఉన్నారు. వాళ్ల పెన్షన్ ఇప్పుడు స్పర్శ్ పోర్టల్‌లోకి మారింది. బతికే ఉన్నామని ఏటా రుజువు చూపించుకోవాలి, లేకపోతే పెన్షన్ ఆగుతుంది. వేలిముద్రలు అరిగిపోయిన వాళ్లకు, నడవలేని వాళ్లకు ఇది పెద్ద తలనొప్పి. జీవన్ ప్రమాణ్ యాప్‌లో ముఖం చూపించి ఇంట్లోంచే ఆ పని పూర్తి చేసే వీలు 2021 నుంచి ఉంది. మనకది కాసేపటి పని, ఆ తాతకు టౌనుకు వెళ్లొచ్చే ఒక రోజు ప్రయాణం తప్పుతుంది. జాగ్రత్త ఒకటే: ఓటీపీ వాళ్ల ఫోన్‌లోనే, వాళ్ల కళ్లముందే వాడాలి. ఏ వివరాలూ మన దగ్గర దాచుకోకూడదు.

ఇంకో పని కూడా ఉంది. 1971 యుద్ధంలో పాతికేళ్లున్న సైనికుడికి ఇప్పుడు ఎనభై దగ్గర పడుతోంది. ఎక్కడ పనిచేశారో, ఏం చూశారో వాళ్ల మాటల్లోనే ఫోన్‌లో రికార్డు చేయండి, వాళ్లు ఒప్పుకుంటే రాసిపెట్టండి. చెంచయ్య గారు స్వయంగా రాసుకున్నారు కాబట్టి ఆయన కథ మనకు మిగిలింది. రాసుకోలేని పెద్దల కథలు వాళ్లతోనే పోతాయి.

సర్టిఫికెట్ కోసం మొక్క నాటి సెల్ఫీ దిగడం సేవ కాదని ఇంటర్వ్యూ చేసేవాళ్లకూ తెలుసు. అదే 'మా మండలంలో ఇంతమంది పెద్దవాళ్లకు పెన్షన్ ఆగకుండా చూశాను, ఈ సమస్యలు వచ్చాయి, ఇలా పరిష్కరించాను' అని చెప్పి చూడండి. వినేవాళ్లు తర్వాతి ప్రశ్న ఆసక్తితో అడుగుతారు. ఉద్యోగం దానివల్లే వస్తుందని గ్యారంటీ ఇవ్వలేను. కానీ 'ఈ ఏడాదంతా ఏం చేశావు?' అన్న ప్రశ్నకు తలదించుకునే అవసరం మాత్రం ఉండదు.

కాబట్టి ఈ ఆదివారం అప్లికేషన్లు పెట్టడం అయ్యాక, మీ వీధిలోని మిలిటరీ తాత ఇంటికి ఒకసారి వెళ్లండి. 'తాతా, పెన్షన్ సరిగ్గా పడుతోందా?' అని అడగండి. మిగతా కథ ఆయనే చెప్తారు.