పూర్వపక్షం లేని వాదం

అమెరికా ఉన్నత పాఠశాలల ఆంగ్ల తరగతుల్లో, ఒప్పించే రచన నేర్పడానికి తరచుగా ఐదు పేరాల మూస ఒకటి చేతికిస్తారు: ముందు ప్రతిపాదన, తర్వాత మూడు కారణాలు, చివర ముగింపు. మూస తప్పనను, నడక నేర్చే పిల్లవానికి మూడు చక్రాల బండి అవసరమే. అయితే అందులో ఎదుటివాడు కనిపించడు. ఎదుటివాడు లేని వాదం స్వగతమే కదా!

దీనికి విరుగుడు అక్కడి తరగతుల్లో చదివించే ఒక లేఖలోనే ఉంది. 1963 ఏప్రిల్ 12న అలబామాకు చెందిన ఎనిమిది మంది శ్వేతజాతి మతాచార్యులు బర్మింగ్‌హామ్ నిరసనలను తప్పుపడుతూ ప్రకటన వెలువరించారు. ఆనాడే నిర్బంధితుడైన మార్టిన్ లూథర్ కింగ్, 16వ తేదీతో చెరసాల నుండి బదులు వ్రాశారు. బయటివాడివి నీకేల, కొన్నాళ్ళు ఆగరాదా, చట్టాన్ని ధిక్కరించడం తగునా అన్న ఆక్షేపణలను ఒక్కొక్కటిగా ఎత్తుకొని, వారి సదుద్దేశాన్ని శంకించకుండానే సమాధానమిచ్చారు.

పూర్వపక్షం చెప్పిన పిమ్మటే సిద్ధాంతం చెప్పడం మన శాస్త్రకారులకూ అలవాటే. 2010 నాటి కామన్ కోర్ ప్రమాణాలు సైతం తొమ్మిది, పది తరగతుల విద్యార్థి ప్రతివాదాలను న్యాయంగా వివరించాలన్నాయి.

కనుక నా మనవి ఇది. విద్యార్థి ముందుగా తనతో విభేదించే సహపాఠి వాదాన్ని ఒక పేరాలో వ్రాయాలి. ‘అవును, నా మాట ఇదే’ అని అతడు ఒప్పుకున్నాకే తన వాదం మొదలుపెట్టాలి. సమయం చాలదంటారా? పది వ్యాసాలకు బదులు నాలుగు వ్రాయిస్తే చాలు. పద్దెనిమిదేళ్ళకు ఓటు వేయబోయేవారికి ఇంతకన్నా అక్కరకు వచ్చే చదువేముంది?