విచారణ లేని శిక్షను క్రమశిక్షణ అనొద్దు

పోస్టు కాస్త పెద్దదే. ఓపిగ్గా చదవండి. చదివాక హాస్టల్ రూములో పక్కవాడికి కూడా చదివి వినిపించండి.

గుంటూరు మిర్చి యార్డుకి వెళ్ళినవాళ్ళకి తెలుసు. టిక్కీని కాటా మీద పెడతారు, తూకం చూస్తారు, చీటీ రాస్తారు. తూకంలో తేడా అనిపిస్తే రైతు అక్కడే నిలబడి అడగొచ్చు. అడిగితే న్యాయం జరుగుతుందా లేదా అన్నది వేరే సంగతి, కనీసం చేతిలో చీటీ ఉంటుంది. మరి జువెనైల్ హోమ్‌లో ఉన్న పదిహేనేళ్ళ పిల్లాడికి శిక్ష వేస్తే ఆ పిల్లాడి చేతికి ఏ చీటీ వస్తుంది? ఏ తప్పుకి వేశారు, ఎవరు చూశారు, ఎన్ని రోజులు, ఎవరికి చెప్పుకోవాలి? ఎండుమిరప బస్తాకి ఉన్నపాటి లెక్క మన బిడ్డకి లేదు. ఈ పోస్టులో మేం మాట్లాడేది దీని గురించే.

ముందు ఒక మాట స్పష్టంగా చెప్తాం. తప్పు చేసిన పిల్లల్ని వెనకేసుకు రావడానికి ఇది రాయట్లేదు. హోమ్‌లో ఒకడు ఇంకొకడిని కొడితే, అద్దం పగలగొడితే, గోడ దూకితే దానికి జవాబు చెప్పాల్సిందే. ఆ జవాబు చెప్పే అవకాశం వాడికి ఇవ్వండి అన్నదే మా గొడవ.

ఈ సంగతి మనకెందుకు అనేవాళ్ళు మన ప్రాంతం చరిత్ర ఒకసారి తిరగెయ్యండి. 1871లో తెల్లదొరలు క్రిమినల్ ట్రైబ్స్ యాక్ట్ తెచ్చారు. 1911లో దాన్ని తిరగరాసి మద్రాసు ప్రెసిడెన్సీకి కూడా తగిలించారు. ఆ తర్వాతే బాపట్ల పక్కన స్టూవర్టుపురం సెటిల్‌మెంటు లేచింది. హెరాల్డ్ స్టూవర్ట్ అనే మద్రాసు ప్రభుత్వ పెద్ద పేరు పెట్టి, నడిపే పని సాల్వేషన్ ఆర్మీకి అప్పజెప్పారు. లోపల పెట్టింది ఎరుకల కుటుంబాల్ని. హాజరు పిలుపు, బయటికెళ్ళాలంటే పాసు, చెప్పిన పని, చెప్పిన కూలి. చీరాల పొగాకు కంపెనీకి అక్కణ్ణుంచి కూలీలు వెళ్ళారు. మీనా రాధాకృష్ణ గారు 2001లో అచ్చయిన తన పుస్తకంలో ఇదంతా పాత రికార్డులు తిరగేసి రాశారు.

ఆ చట్టంలో రెండు సంగతులు మన పిల్లలు గుర్తుపెట్టుకోవాలి. మొదటిది, ఆరేళ్ళు దాటి పద్దెనిమిది లోపున్న పిల్లల్ని తల్లిదండ్రుల దగ్గర్నుంచి విడదీసి రిఫార్మేటరీ స్కూళ్ళలో పెట్టే అధికారం ప్రభుత్వానికి ఇచ్చారు. పిల్లాడు నేరం చేశాడా లేదా అని చూడక్కర్లేదు, ఎరుకల పిల్లాడైతే చాలు. రెండోది, సెటిల్‌మెంటు నియమాలు తప్పినవాళ్ళని ఏ "క్రమశిక్షణ"కి గురిచెయ్యాలో రూల్స్ రాసుకునే అధికారం కూడా ప్రభుత్వానిదే. ఒక జాతిని నేరస్థ జాతి అని నోటిఫై చేస్తే, ఆ నోటిఫికేషన్ చెల్లుతుందా లేదా అని ఏ కోర్టూ అడగకూడదు. అంటే ఫిర్యాదు చేసేదీ వాళ్ళే, తీర్పు చెప్పేదీ వాళ్ళే, అప్పీలు వినేదీ వాళ్ళే. కంచే చేను మేస్తే అడిగేవాడు లేడు.

ఆ చట్టం మద్రాసు రాష్ట్రంలో 1947లో పోయింది, దేశమంతటా 1952 ఆగస్టు 31న పోయింది. అందుకే ఆ రోజుని విముక్త దినం అంటాం. చట్టం పోయింది గానీ "వీళ్ళకి విచారణ ఎందుకు, రెండు తగిలిస్తే నిజం అదే బయటికొస్తుంది" అనే బుద్ధి పోయిందా? ఊళ్ళో మోటారు పోయినా, కల్లంలో కాయలు పోయినా, ముందు ఎవరి గూడెం మీదకి వస్తారో మనకి తెలియదా? స్టూవర్టుపురం అనగానే ఇప్పటికీ సినిమా తీసేవాళ్ళకి దొంగలే గుర్తొస్తారు. ఆ ఊళ్ళో చదువుకుని టీచర్లయినవాళ్ళు, ఉద్యోగాలు చేసుకునేవాళ్ళు ఎవరికీ కథగా పనికిరారు.

ఇక ఇప్పటి చట్టానికి వద్దాం. 2015 జువెనైల్ జస్టిస్ చట్టం కాగితం మీద మంచి చట్టమే. పద్దెనిమిదేళ్ళ లోపు పిల్లల్ని పోలీస్ లాకప్‌లో గానీ జైల్లో గానీ పెట్టకూడదు. 24 గంటల్లోపు జువెనైల్ జస్టిస్ బోర్డు ముందు హాజరుపరచాలి. బోర్డులో ఒక మేజిస్ట్రేటు, ఇద్దరు సామాజిక కార్యకర్తలు, వాళ్ళలో ఒకరైనా మహిళ. విచారణ నడుస్తున్నప్పుడు అబ్జర్వేషన్ హోమ్, తప్పు రుజువైతే స్పెషల్ హోమ్, అది మూడేళ్ళకి మించకూడదు. హోమ్ సిబ్బంది క్రమశిక్షణ పేరుతో పిల్లల్ని కొడితే సెక్షన్ 82 కింద మొదటిసారి పదివేల జరిమానా, మళ్ళీ చేస్తే మూడు నెలల దాకా జైలు. ఉద్యోగం కూడా పోతుంది. క్రూరంగా హింసిస్తే సెక్షన్ 75 కింద సిబ్బందికి అయిదేళ్ళ దాకా కఠిన శిక్ష.

కొట్టకూడదు అని చట్టం చెప్పింది. బాగుంది. మరి కొట్టకుండా ఏం చెయ్యాలి, ఎలా విచారించాలి? చట్టం మొత్తం తిరగేసినా హోమ్ లోపల జరిగిన తప్పుకి విచారణ ఎలా జరపాలో చెప్పే సెక్షన్ ఒక్కటి కనపడదు. సెక్షన్ 3లో సహజ న్యాయ సూత్రాలు ఉన్నాయి. పిల్లాడి మాట వినాలి, పక్షపాతం ఉండకూడదు, పునఃపరిశీలన ఉండాలి అని రాశారు. అయితే "న్యాయాధికార హోదాలో పనిచేసేవాళ్ళు" పాటించాలి అని ఒక ముడి వేశారు. సూపరింటెండెంటుని అడిగితే ఏమంటాడు? "నేనేమన్నా జడ్జీనా, హోమ్ నడిపేవాణ్ణి" అంటాడు. ఆ ఒక్క ముడిలోంచి మొత్తం జారిపోతుంది.

ఇప్పుడు పెద్దల జైలుతో పోల్చి చూడండి. 1894 నాటి ప్రిజన్స్ యాక్ట్ తెల్లవాడు రాసింది, దయగల చట్టమేం కాదు. అయినా అందులో జైలు లోపలి తప్పుల జాబితా ఉంది, వాటికి శిక్షల జాబితా ఉంది, వేసిన ప్రతి శిక్షా రాయడానికి పనిష్‌మెంట్ బుక్ ఉంది. తీహార్ జైల్లో ఉన్న సునీల్ బాత్రా అనే ఖైదీ, తోటి ఖైదీని వార్డరు హింసించాడని సుప్రీంకోర్టుకి ఉత్తరం రాస్తే, 1979లో కోర్టు తీర్పు చెప్పింది. ఒంటరి గదిలో పెట్టాలన్నా, సౌకర్యాలు కోయాలన్నా, శిక్షగా వేరే జైలుకి మార్చాలన్నా సెషన్స్ జడ్జి పరిశీలన ఉండాలి అంది. అత్యవసరమైతే రెండు రోజుల్లోపు జడ్జికి తెలియజేయాలి అంది. హత్య కేసులో ఉన్న పెద్దమనిషికి ఉన్న రక్షణ, బైకు దొంగతనం కేసులో ఉన్న పదహారేళ్ళ లంబాడీ పిల్లాడికి అంత స్పష్టంగా ఎందుకు రాసి లేదు? పిల్లల చట్టం మెత్తన కాబట్టి విచారణ అక్కర్లేదు అనుకోవడంలోనే మోసం ఉంది.

ఈ మోసం మన దేశంలో ఒక్కచోటే జరిగింది కాదు. అమెరికాలో అరిజోనా రాష్ట్రంలో జెరాల్డ్ గాల్ట్ అనే పదిహేనేళ్ళ పిల్లాడు ఫోన్లో అసభ్యంగా మాట్లాడాడని పక్కింటావిడ ఫిర్యాదు ఇచ్చింది. ఆవిడ విచారణకే రాలేదు. ఏం జరిగిందో రాసిన రికార్డు లేదు. పిల్లాడికి లాయరు లేడు. ఇరవై ఒకటో ఏడు వచ్చేదాకా ఇండస్ట్రియల్ స్కూల్లో ఉండమన్నారు. అదే పని పెద్దవాడు చేసుంటే చిన్న జరిమానా, లేదా రెండు నెలల జైలు. "నీ మంచికే" అంటూ ఆరేళ్ళు. 1967లో అక్కడి సుప్రీంకోర్టు ఆ తీర్పు కొట్టేసి, పిల్లలకి కూడా ఆరోపణ ముందే తెలియాలి, లాయరు ఉండాలి, సాక్షిని ప్రశ్నించే హక్కు ఉండాలి అంది. అది కోర్టు విచారణ గురించి చెప్పిన తీర్పు. కానీ "నీ మంచికే" అనే మాట చాటున ఏం జరుగుతుందో తెలియడానికి అది చాలు.

హోమ్ లోపలి సంగతికి 1990లో ఐక్యరాజ్యసమితి నియమాలు రాసింది. వాటిని హవానా నియమాలు అంటారు. ఏది తప్పో ముందే రాసిపెట్టాలి. ఏ శిక్ష, ఎన్నాళ్ళు, ఎవరు వెయ్యాలి, అప్పీలు ఎవరికి, అన్నీ రాసి ఉండాలి. ఆరోపణ ఏమిటో పిల్లాడికి అర్థమయ్యేలా చెప్పాలి, వాడి వాదన వినాలి. ప్రతి విచారణకీ రికార్డు ఉండాలి. చీకటి గది, ఒంటరి గది, తిండి తగ్గించడం, ఇంటివాళ్ళని కలవనీకపోవడం, ఒకడి తప్పుకి అందరికీ శిక్ష, ఇవన్నీ నిషేధం. ఒక పిల్లాడి చేత ఇంకో పిల్లాడికి శిక్ష వేయించకూడదు. ఇందులో కోట్లు ఖర్చయ్యేది ఒక్కటన్నా ఉందా? ఒక రిజిస్టరు, ఒక అరగంట టైము, వినే చెవి. అంతే కదా.

"గొడవ పడుతుంటే విచారణ పెట్టుకుని కూర్చోమంటారా?" అని అడుగుతారు. అక్కర్లేదు. ఇద్దరు కొట్టుకుంటుంటే ముందు విడదీయండి, దెబ్బ తగిలితే ఆస్పత్రికి తీసుకెళ్ళండి. అది కాపాడటం. శిక్ష అనేది ఆ తర్వాత వచ్చే సంగతి. ఆ రెండింటినీ కలిపేసి, కాపాడటం పేరుతో శిక్ష వేసెయ్యడమే మేం వద్దనేది.

"స్టాఫ్ లేరు" అంటారు. స్టాఫ్ లేకపోవడం ప్రభుత్వం తప్పు. దాని వడ్డీ పిల్లాడి వీపు మీద వసూలు చెయ్యకూడదు.

"ఈ పిల్లలు అబద్ధాలాడతారు" అంటారు. ఆడతారు, పెద్దవాళ్ళూ ఆడతారు. అందుకే ఇద్దరి మాటా వినే పద్ధతి మనుషులు కనిపెట్టారు. తండాలో పంచాయితీ పెడితే నాయక్ కూడా రెండు పక్షాలనీ కూర్చోబెట్టి అడుగుతాడు. మన పంచాయితీలు గొప్పవని మేం అనట్లేదు, ఆడవాళ్ళ మాట వినని పంచాయితీలు ఎన్నో చూశాం. కానీ అవతలివాడి మాట వినకుండా తప్పు వేస్తే చెట్టు కింద కూర్చున్నవాళ్ళు కూడా ఒప్పుకోరు. ప్రభుత్వ భవనంలో ఎందుకు ఒప్పుకోవాలి?

మన పిల్లలకి ఇంకో ప్రమాదం ఉంది. బోర్డు అడిగే సామాజిక పరిశోధన నివేదికలో ఇంట్లో ఎవరి మీదన్నా కేసులున్నాయా అనే గడి ఉంటుంది. తాత మీద సెటిల్‌మెంటు నాటి ముద్ర, నాన్న మీద అనుమానం కేసు, ఇప్పుడు పిల్లాడి మీద హోమ్‌లో "ప్రవర్తన బాగోలేదు" అన్న ఒక్క వాక్యం. విచారణ లేకుండా రాసిన ఆ వాక్యం బోర్డు ముందుకి వెళ్తుంది. ప్రవర్తన బాగోలేదన్న కారణంతో స్పెషల్ హోమ్ బదులు ప్లేస్ ఆఫ్ సేఫ్టీకి పంపే అధికారం బోర్డుకి చట్టమే ఇచ్చింది. అంటే వార్డెన్ కోపంలో రాసిన ఒక లైను పిల్లాడి ఏళ్ళని నిర్ణయిస్తుంది. మూడు తరాల ముద్ర ఒకే ఫైల్లో కూర్చుంటుంది.

సుప్రీంకోర్టు 2024 అక్టోబరు 3న సుకన్య శాంత కేసులో జైలు మాన్యువళ్ళలో కులం చూసి పనులు పంచడాన్ని కొట్టేసింది. విముక్త జాతులవాళ్ళని పుట్టుకతో నేరస్థులుగా చూడటం రాజ్యాంగానికి విరుద్ధం అంది, వాళ్ళని ఇష్టమొచ్చినట్టు అరెస్టు చెయ్యొద్దని పోలీసులకి చెప్పింది. ఆ తీర్పు హోమ్ గేటు బయట ఆగిపోకూడదు.

ఇదంతా హోమ్‌లో ఉన్నవాళ్ళ గొడవ, మనం హాస్టల్లో ఉన్నాం కదా అనుకోకండి. ఆశ్రమ పాఠశాలలో, గురుకులంలో రాత్రికి రాత్రి టీసీ ఇచ్చి పంపితే ఏం జరుగుతుందో తెలుసుగా. పిల్లాడు తిరిగి పత్తి తీతకో మిరప కోతకో వెళ్ళిపోతాడు, సీజన్ అయ్యేసరికి చదువు మర్చిపోతాడు. విద్యాహక్కు చట్టం సెక్షన్ 16 ప్రకారం ఎనిమిదో తరగతి అయ్యేదాకా ఎవర్నీ బడి నుంచి తీసెయ్యకూడదు. సెక్షన్ 17 కొట్టడాన్నీ మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. ఆ హక్కు మన ప్రతి తమ్ముడికీ తెలియాలి.

మేం అడిగేవి ఇవి. ప్రతి హోమ్‌లో నియమాలు తెలుగులో గోడ మీద ఉండాలి, చదవలేని పిల్లాడికి వాడి మాటలో, లంబాడీ అయితే లంబాడీలో, ఎరుకల అయితే ఎరుకలలో చెప్పాలి. శిక్ష వెయ్యకముందు ఆరోపణ రాసివ్వాలి. ఫిర్యాదు చేసిన మనిషే తీర్పు చెప్పకూడదు. పిల్లాడి పక్కన వాడు నమ్మే మనిషి ఒకరు కూర్చోవాలి. ఎస్టీలకీ పిల్లలకీ 1987 లీగల్ సర్వీసెస్ చట్టం సెక్షన్ 12 కింద ఉచిత లాయరు హక్కు ఎలాగూ ఉంది. అన్నం, ఇంటివాళ్ళ ములాఖత్, ఫోను, ఇవి శిక్షలో భాగం కాకూడదు. నిర్ణయం కాగితం మీద ఉండాలి, ఒక కాపీ పిల్లాడికి, ఒకటి బోర్డుకి వెళ్ళాలి. బోర్డు దాన్ని మార్చగలగాలి.

మన పని కూడా ఉంది. 2016 మోడల్ రూల్స్ ప్రకారం ప్రతి హోమ్‌లో పిల్లల సలహా పెట్టె ఉండాలి. దాని తాళం మేనేజ్‌మెంట్ కమిటీ అధ్యక్షుల దగ్గర ఉండాలి, వారం వారం పిల్లల కమిటీ ముందు తెరవాలి. ఆ పెట్టె ఎప్పుడెప్పుడు తెరిచారు, ఏం చేశారు, కమిటీ ఎన్నిసార్లు కూర్చుంది అని సమాచార హక్కు చట్టం కింద అడుగుదాం. పిల్లల పేర్లు అడగొద్దు, అవి బయటికి రాకూడదు. తేదీలు, లెక్కలు చాలు. 30 రోజుల్లో జవాబివ్వాలి. గుంటూరు, పల్నాడు, బాపట్ల, ప్రకాశం జిల్లాల్లో ఉన్న మన గ్రూపు సభ్యులు జిల్లాకి ఇద్దరు చొప్పున కామెంట్లో పేరు పెట్టండి. దరఖాస్తు నమూనా మేం రాసి పంపుతాం. లా చదివే అక్కలు, అన్నలు ఒకసారి దిద్దిపెట్టండి.

వచ్చే ఆగస్టు 31కి దండలు వేసి ఫొటోలు దిగడం మామూలే. ఈసారి ఆ రోజు కలెక్టరాఫీసుల ముందు ఆ జవాబు కాగితాలు చేతిలో పట్టుకుని నిలబడదాం. మన తాతలకి పాసు లేకపోతే శిక్ష వేశారు. మన తమ్ముళ్ళకి శిక్ష వేసేవాళ్ళు ముందు కాగితం చూపించాలి.