గుమ్మటమును నిలిపినవారు

సైబీరియాయందలి నోవొసిబిర్‌స్క్ నగరమున 1931లో ఆరంభమై, జర్మనీతోడి మహాయుద్ధము ముగిసిన మూడు దినములకే, అనగా 1945 మే 12వ తేదీన, ప్రేక్షకులకు ద్వారములు తెరచిన సంగీత నాటకశాలపై సుమారు 60 మీటర్ల వ్యాసముగల కాంక్రీటు గుమ్మటమొకటి కలదు. దాని సగటు మందము 8 సెంటీమీటర్లు మాత్రమే. కోడిగ్రుడ్డును అంతటి పరిమాణమునకు పెంచి చూచినచో, దాని పెంకు ఈ గుమ్మటముకంటె అనేక రెట్లు మందముగా నుండును! నడుమ స్తంభము గాని, క్రింద దూలము గాని లేక ఇది నిలుచునని లెక్కించి నిలిపిన పాస్తర్నాక్, మాతేరి అను ఇంజనీర్లను ఆ రంగస్థలమునకు వచ్చు రసజ్ఞులలో ఎందరు తలంతురు?

అంతకుముందు, 1913లో, నేటి పోలెండునందలి వ్రోత్స్లావ్ నగరమున మాక్స్ బెర్గ్ నిర్మించిన సభామందిరమున 65 మీటర్ల గుమ్మటమును బలిష్ఠములైన కాంక్రీటు పక్కటెముకలు మోయుచున్నవి. ఆ ఎముకలను విసర్జించి, ఆకృతియే భారమును వహింపగలదని చూపిన ఘనత జర్మనీలోని జేనా పట్టణమున పనిచేసిన బవర్స్‌ఫెల్డ్, డిషింగర్ అనువారిది. అచ్చట 1926లో వెలసిన నక్షత్రశాల గుమ్మటము వ్యాసము 25 మీటర్లు, మందము 6 సెంటీమీటర్లు.

ఇందలి కీలకము వలయమునందున్నది. గుమ్మటము బరువు శిఖరమునుండి అంచునకు ఒత్తిడిగా దిగును; ఒత్తిడిని కాంక్రీటు చక్కగా సహించును. కాని ఆ బరువుచే పాదము వెలుపలికి విచ్చుకొనజూచును. ఆ లాగుడును కాంక్రీటు ఓర్వలేదు గనుక, అంచుచుట్టును ఉక్కు కడ్డీలుగల వలయదూలము నమర్చి దానిని బిగించెదరు. ఈ వలయమును త్రెంచినచో ఏమగునో అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థయందు 1955లో ప్రారంభమైన క్రెస్గే మందిరము చెప్పుచున్నది. వాస్తుశిల్పి సారినెన్ గోళమున ఎనిమిదవ వంతును కోసి, మూడే బిందువులపై నిలుపగోరెను. చూచుటకది మనోహరమే, కాని కోసిన అంచులు అనుకొన్నదానికంటె అధికముగ వంగుటచే, గాజుగోడల నిలువు కడ్డీలకు సైతము భారము నప్పగింపవలసివచ్చెను. సౌందర్యము బలశాస్త్రమునకు లోబడినపుడే పరిపూర్ణమగునని నా దృఢవిశ్వాసము. కావున నోవొసిబిర్‌స్క్ గుమ్మటమునే నేను ఉన్నతతరమైన కళాఖండముగ నెంచెదను.

నాటకశాలలు కట్టించు ప్రభుత్వములకును, సంస్థలకును నా మనవి యొక్కటే: ప్రారంభోత్సవ శిలాఫలకమున ఆవిష్కర్తల పేర్లు చెక్కించునపుడు, ఆ కప్పు నిలుచునని లెక్కగట్టిన ఇంజనీరు పేరునుగూడ చెక్కింపుడు.