ఋణమా? దానమా?

యుద్ధమునకు సైనికులను బంపునపుడు ఏ ప్రభుత్వమును ప్రజల యిష్టాయిష్టముల నడుగదు. పన్ను విధించి వసూలు చేయును. ఆ సైనికుడే తిరిగివచ్చి నిలువ నీడలేక వీథిని బడినపుడు మాత్రము దానికి జనుల దయాధర్మములు జ్ఞప్తికి వచ్చును. ఇది న్యాయమా యని మేమడుగుచున్నాము.

అమెరికా సంయుక్త రాష్ట్రములలో 2024 జనవరి గణనమున ఇల్లులేని మాజీ సైనికులు 32,882 మంది యని తేలెను. పన్ను చెల్లించువారు తమ పన్ను పత్రములో నొక గడియందు గుర్తుపెట్టి వీరికై తోచినంత విరాళ మీయవచ్చునని యచ్చటి శాసనసభ్యులు కొందరు ప్రతిపాదించిరి. న్యూయార్కు రాష్ట్రమున నిట్టి నిధి యేర్పడియే యున్నది.

ఇచ్చువారిని మేము నిందింపము, వారు పుణ్యాత్ములే. కాని గడిని నమ్ముకొన్న నిధి గతి యెట్టిదో చూడుడు. అధ్యక్షుని యెన్నికల నిధికై గడి యొకటి యా దేశమున నేర్పరచిరి. అందు గుర్తుపెట్టినచో పన్ను కాసంతయు పెరుగదు. అయినను, 1980 ప్రాంతమున నూటికి 25 మందికి మించి పెట్టిన గుర్తు, తరువాత నూటికి 5గురైనను పెట్టనంతగా క్షీణించెను. చేతినుండి కాసు కదలనిచోటనే యిట్లున్న యౌదార్యము, కదలవలసినచోట నెంతకాలము నిలుచును?

2010లో 74,000కు పైబడిన నిరాశ్రయ సైనికుల సంఖ్య 2024 నాటికి సగమునకు మించి తగ్గెను. ముఖ్యముగా నీ మేలు చేసినది 2008 నుండి ప్రభుత్వ ధనముతో విస్తరించిన యద్దె సహాయమును, దానితో జోడించిన వైద్య సహాయమును.

"ఎంత చిన్నదైనను విరాళము మేలే కదా" యందురు. మేలే, కాని ఆ మిషతో ఖజానా తన వంతును తగ్గించుకొనరాదు. విరాళము అదనమే గాని బదులు గాదని శాసనమునందే వ్రాయవలెను.

మన దేశమునను 1949 నుండి డిసెంబరు 7వ తేదీన సాయుధదళముల పతాక దినము జరుగుచున్నది. చిన్న జెండాను రొమ్మున దాల్చి నాణెము వేయుట మంచిదే. అంతటితో బాకీ తీరెనని తలచుట తప్పు. కూలి యెగవేసి, ఆ కూలివానికే గడపయొద్ద పిడికెడు బియ్యము పెట్టి దాతనని చెప్పుకొను గృహస్థును మనమేమందుము? ప్రభుత్వమునైనను అదియే యనవలెను.