ముందు జిగ్, ఆ తర్వాతే స్ప్రింగ్

మిన్నెసోటాలో జనవరి వచ్చిందంటే మా పక్కింటివాళ్లతో పాటు నేనూ గడ్డకట్టిన సరస్సు మీదికి గాలం పట్టుకుని పోతాను. కన్నం తొలవడం, ఎర గుచ్చడం ఎవరైనా నేర్పుతారు. స్ప్రింగ్ బాబర్ దగ్గరే తలో మాటా చెబుతారు.

అదేమీ పెద్ద వస్తువు కాదు. పొట్టి కర్ర కొసన బిగించే సన్నటి తీగో, ఉక్కు రేకో. చివర దారం దూరే కన్ను, కనబడేందుకు ఎర్రటి పూస. చలినీళ్లలో బ్లూగిల్ చేప చాలాసార్లు ఎరను లాగదు, నోట్లోకి పీల్చి ఉమ్మేస్తుంది. ఆ కదలిక చేతికి అందదు, కంటికే తెలియాలి.

'ఎంత మెత్తనిదైతే అంత మంచిది' అని దుకాణాల్లో అంటగడతారు. నేనొప్పుకోను. ముందు జిగ్, అంటే బరువు తల ఉన్న చిన్న గాలపు ముల్లు, ఎంచుకోవాలి. దాన్ని వేలాడదీస్తే కొస కొద్దిగా వంగాలి. నిలువునా వాలిపోయిందా, చేప లాగినా ఇంకా వంగడానికి చోటుండదు. టంగ్‌స్టన్ జిగ్‌లు వాడేవాళ్లు మరీ చూసుకోవాలి. సీసం కంటే సాంద్రమైన లోహం, చూపుకి చిన్నదైనా గట్టి స్ప్రింగే అడుగుతుంది. అసలు వంగకపోయినా నష్టమే. క్రాపీ చేప కింది నుంచి వచ్చి ఎరను పైకెత్తుతుంది, వంగిన కొస అప్పుడు తిన్నగా లేస్తుంది. కొత్తవాళ్లేమో కిందికి లాగుతుందేమోనని చూస్తూ కూర్చుంటారు!

అందుకే పొడవు సర్దుకునే రకం కొనమంటాను. బయటికి జరిపితే మెత్తబడుతుంది, లోపలికి తోస్తే బిగుస్తుంది. కన్ను మరీ సన్నగా ఉంటే తడి దారం నీరు అందులోనే గడ్డకడుతుంది. గుడారం లేనివాళ్లకు అదో తలనొప్పి. వాలై చేప కోసం బరువైన స్పూన్ ఎరలు ఆడించేవాళ్లకు మాత్రం ఈ గొడవంతా అక్కర్లేదు.