ఇనుము అందరికీ అమృతం కాదు

సంజామల పరిసరాలలో నీరసమనగానే ఇంటిల్లిపాదీ లోహభస్మమో, ఐరన్ టానిక్కో సేవించడం చూస్తున్నాను. ఇది యుక్తం కాదు.

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15–49 ఏళ్ల స్త్రీలలో దాదాపు 59 శాతం మందికి రక్తహీనత ఉంది. వారిలో ఇనుము లోపించినవారికి లోహం ఔషధమే. కాని పురుషులలోను, ముట్లుడిగిన స్త్రీలలోను అది నిలువ చేరుతుంది. అధికమైన ఇనుమును విసర్జించే మార్గం దేహానికి లేదు.

ఈ నిలువలకూ హృద్రోగానికీ సంబంధం ఉండవచ్చునని 1981లో జెరోమ్ సల్లివన్ ప్రతిపాదించాడు. ఫెరిటిన్ లీటరుకు 200 మైక్రోగ్రాములు, ఆపైన ఉన్న పురుషులకు గుండెపోటు ముప్పు రెట్టింపుకు మించినదని 1992లో ఫిన్లాండ్ పరిశోధకులు వెల్లడించారు. తరువాతి పరిశోధనలన్నీ దీనిని సమర్థించలేదు. 2007లో ప్రకటితమైన అమెరికా అధ్యయనంలో ధమనీ వ్యాధిగ్రస్తులకు రక్తం తీసి ఇనుము తగ్గించినా మరణాలు చెప్పుకోదగినంతగా తగ్గలేదు.

కనుక భయం వద్దు, పరీక్ష ముఖ్యం. పాండురోగికి హితమైన లోహం ఆరోగ్యవంతునికి అనవసర భారమని నా అభిప్రాయం. హిమోగ్లోబిన్, ఫెరిటిన్ చూపించుకొని, వైద్యుని సలహాతోనే లోహౌషధాలు వాడండి.