పంచాయతీ పెట్టింది మనమే

కనకమామిడి అయినా, ఇటు మొయినాబాద్, అటు చేవెళ్ల అయినా, ఏ ఇంట్లో ఏ ఆడబిడ్డ దెబ్బలు తింటోందో ఊళ్లో అందరికీ ఎరుకే. కొత్తగా లేచిన ఫాంహౌస్‌ల గేట్ల వెనక కాపలా ఉండే వలస కుటుంబాల సంగతి కూడా పాలుపోసేవాళ్లకూ కిరాణా కొట్టువాళ్లకూ తెలుసు. తెలియక ఊరుకున్నామని చెప్పుకునే వీలు మనకు లేదు.

2019 నవంబర్ 27 రాత్రి శంషాబాద్ టోల్‌గేట్ దగ్గర ఒక యువ వైద్యురాలిపై అత్యాచారం చేసి, చంపి, షాద్‌నగర్ సమీపంలో చటాన్‌పల్లి వంతెన కింద కాల్చేశారు. ఆమెకు ‘దిశ’ అని పేరుపెట్టి కొవ్వొత్తులు పట్టుకుని రోడ్లెక్కాం. ‘మా హద్దు కాదు’ అంటూ ఆమె ఇంటివాళ్లను ఠాణాల మధ్య తిప్పారని పోలీసులను తిట్టాం. ఒక ఎస్సై, ఇద్దరు హెడ్ కానిస్టేబుళ్లు సస్పెండయ్యారు. డిసెంబర్ 6న నలుగురు నిందితులూ పోలీసు కాల్పుల్లో చనిపోతే పూలు చల్లి, లెక్క తీరిందన్నాం. చంపాలనే కాల్చారని సుప్రీంకోర్టు నియమించిన సిర్పూర్కర్ కమిషన్ చెప్పిన సంగతి 2022 మేలో బయటపడింది. అప్పటికి మన కోపం చల్లారిపోయింది.

ఆ కోపంలో ఒక సుఖం ఉంది. దుర్మార్గుడు ఎక్కడో రోడ్డుమీద దొరికాడు, మన ఇంట్లో కాదు. ఆ ఏడాదే జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేవాళ్లు తెలంగాణలో ఇంటింటికీ తిరిగారు. పెళ్లయిన ప్రతి వందమంది ఆడవాళ్లలో దాదాపు 37 మంది భర్త చేతిలో హింస అనుభవించామన్నారు. అత్తమామలకు మర్యాద ఇవ్వకపోతేనో, వంట సరిగా చేయకపోతేనో, ఎదురు మాట్లాడితేనో మొగుడు కొట్టడం సబబేనని వందలో 84 మంది ఆడవాళ్లు ఒప్పుకున్నారు. ఆడవాళ్లే ఒప్పుకున్నాక మనదేం తప్పని మగవాళ్లం తప్పించుకోలేం. మనలోనూ 70 మంది అదే జవాబు చెప్పారు.

ఆ జవాబు వాళ్లకు నేర్పింది మనం పెట్టిన పంచాయతీలే. దెబ్బలతో తల్లిగారింటికి వచ్చిన పిల్లను కూర్చోబెట్టి ముందు అడిగేది ‘నువ్వేం అన్నవు బిడ్డా?’ అనే. తర్వాత ‘కాపురమన్నంక గివన్నీ ఉంటయి, సర్దుకపోవాలె’ అంటాం. అల్లుడితో ‘ఇంకోసారి చెయ్యి లేపొద్దు’ అని ఒక మాట అనిపించి, ఆమెను అదే ఇంటికి పంపేస్తాం. పెద్దరికం నిలబడింది. ఆమెకు మళ్లీ వచ్చే దారి మూసుకుపోయింది. రెండోసారి ఆమె మన దగ్గరికి రాకపోతే కాపురం చక్కబడిందనుకున్నాం.

మన జోక్యం ఎందుకన్నది మరో సాకు. 2006 అక్టోబర్ నుంచి అమల్లో ఉన్న గృహహింస చట్టం నాలుగో సెక్షన్ దాన్ని ఏనాడో కొట్టేసింది. హింస జరుగుతోందని తెలిసిన ఎవరైనా రక్షణాధికారికి చెప్పవచ్చు. మంచి ఉద్దేశంతో చెప్పినవారి మీద ఏ కేసూ ఉండదు. అదే చట్టం ఆమెకు కాపురం చేసిన ఇంట్లోనే ఉండే హక్కిచ్చింది. మనం మాత్రం ‘సద్దుకుంటవా, పుట్టింటికొస్తవా’ అని రెండే దారులు చూపించాం. చిన్నపిల్లల మీద అఘాయిత్యమైతే చెప్పడం మన ఇష్టం కూడా కాదు. తెలిసీ ఫిర్యాదు చేయకపోవడమే పోక్సో చట్టం కింద నేరం. అలాంటి వాటిని సైతం ఇజ్జత్ పోతుందని డబ్బుతోనో పెళ్లితోనో మాఫీ చేయించిన పెద్దమనుషులను ఇంకా ముందు వరసలోనే కూర్చోబెడుతున్నాం.

చట్టాలు చాలవని అరవడం ఆపి, మన చేతిలో ఉన్నది చేద్దాం. లైంగిక దాడికి ఊళ్లో రాజీ కుదర్చం అని గ్రామసభలో తీర్మానం రాద్దాం. మహిళల సహాయ నంబరు 181ని మహిళా సంఘం గదిలో, బడిలో, ఫాంహౌస్ గేట్ల మీద రాయిద్దాం. ఆమె ఠాణాకు వెళితే పక్కన ఒకరం కూర్చుందాం, కోర్టు పిలిస్తే చూసింది చూసినట్టు చెబుదాం. అల్లుడి తరఫువాళ్లు మనతో మాట్లాడటం మానేస్తారు. మాననీ. ఇన్నేళ్లూ ఆ చుట్టరికం ఖరీదు కట్టింది ఆమె ఒక్కతే.